సవరల నోట భాష నేర్చిన పంతులుగారు
(గిడుగు రామమూర్తిగారి జీవితం)

ఉగాదినాడు మన సంఘం వేదికమీద పంచాంగశ్రవణం జరుగుతూ ఉంటుంది. ముందు వరుసలలో పెద్దలు తలలూపుతూ వింటూ ఉంటారు. వెనక వరుసలలో పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో గుసగుసలాడుకుంటూ ఉంటారు. ఇంతలో ఒక పిల్లవాడు రాజపూజ్యమంటే ఏమిటని తండ్రిని అడుగుతాడు. తండ్రి ఆ మాటకు అర్థంగా మరొక కఠినమైన మాట చెబుతాడు. పిల్లవాడికి అదీ తెలియదు, ఇదీ తెలియదు. మారు అడగకుండా మళ్ళీ తన గుసగుసల్లోకి వెళ్ళిపోతాడు.

ఇది చిన్న విషయంగానే కనబడుతుంది. కాని తెలియని మాటకు మరొక తెలియని మాట అర్థంగా చెప్పడం చదువు అవుతుందా? భాష అనేది పుస్తకంలోనుంచి చెవికి వస్తుందా, చెవిలోనుంచి పుస్తకానికి వెళుతుందా? నూరేళ్ళకు పైబడిన మాట, ఈ ప్రశ్నలనే తన జన్మకు పనిగా పెట్టుకొన్న మహనీయుడొకాయన మన తెలుగువారిలో ఉన్నారు. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకులుగానే తలుచుకుంటాము. వారి పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాము. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అయితే తెలుగును గురించి వాదించడానికి ముందు ఆయన తనది కాని భాష నొకదానిని, బడీ పుస్తకమూ లేని భాషను, ఏళ్ళ తరబడి నేర్చుకొన్నారనీ, ఆ నేర్పే తెలుగుమీద ఆయనకు కొత్తచూపు నిచ్చిందనీ తెలిసినవారు తక్కువ. పరాయి ప్రాంతాలలో రెండు మూడు భాషల నడుమ కాపురాలు చేసే మనకు ఆ కథ మరింత దగ్గరి కథ.

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శ్రీముఖలింగమనే పుణ్యక్షేత్రం ఉంది. దానికి సమీపంలో పర్వతాలపేట అనే గ్రామం. ఆ గ్రామంలో 1863 ఆగస్టు 29న రామమూర్తిగారు పుట్టారు. తల్లి వెంకమ్మగారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. రామమూర్తిగారికి పన్నెండో ఏట, 1875లో తండ్రి పోయారు. అంతటితో చదువు ఆగిపోవలసిందే. కాని విశాఖపట్నంలో మేనమామ ఇంట ఉండి హైస్కూలు చదువు సాగించి, 1879లో మెట్రిక్యులేషను పరీక్ష ప్యాసయ్యారు. ఆ మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. జీతం నెలకు ముప్పై రూపాయలు. చెప్పవలసింది చరిత్ర.

ఆ జీతంతో సంసారం ఈదుకుంటూనే ఆయన ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆపైన బి.ఏ. పరీక్షలు పూర్తిచేశారు. రాజావారి హైస్కూలు కళాశాల అయినప్పుడు కళాశాల తరగతులకు కూడా పాఠాలు చెప్పే యోగ్యత ఆయనకు కలిగింది. చరిత్ర చెప్పే మనిషి కావడంవల్ల ముఖలింగం గుళ్ళలోని శాసనాల పైకి ఆయన దృష్టి పోయింది. ఆ పాత లిపులు చదవడం ఎవరి సాయమూ లేకుండా తనకు తానే నేర్చుకొన్నారు. ఆ శాసనాల ఆధారంతో ముఖలింగమే పూర్వపు కళింగనగరమని వ్యాసం వ్రాశారు. ఏదైనా తెలుసుకోవలసి వస్తే ఎవరో చెప్పిన మాట నమ్మక, మూలం దగ్గరికే నడిచి వెళ్ళడం ఆయన స్వభావం. రాయి అయితే రాతి దగ్గరికి, మాట అయితే మనిషి దగ్గరికి వెళ్ళేవారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. వారు తమ భాషలో తమను సొర అని చెప్పుకుంటారు. రామమూర్తిగారి నాటికి ఆ భాషకు లిపి లేదు. వ్యాకరణం లేదు. సవర పిల్లవాడు బడికి వెళ్ళాలంటే కొండ దిగిరావాలి. దిగివచ్చినా అక్కడ చెప్పే మాట ఒక్కటీ అర్థం కాదు. రామమూర్తిగారు దీనిని చూచి ఊరుకోలేకపోయారు. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని సంకల్పించుకొన్నారు. అయితే ఒకరికి వారి భాషలో చదువు చెప్పాలంటే ముందు ఆ భాష తాను నేర్చుకోవాలి కదా. నేర్పేవారెవరు?

ఆ రోజులలో పరభాష నేర్చుకోవడమంటే మన పాఠశాలలలో ఒకే దారి. ముందు వ్యాకరణ సూత్రాలు వల్లె వెయ్యడం, తరువాత మాటల పట్టీలు కంఠస్థం చెయ్యడం, ఆ తరువాత వాక్యాలు తర్జుమా చెయ్యడం. సంస్కృతమైనా అంతే, ఇంగ్లీషైనా అంతే. పదేళ్ళు చదివినా నోట మాట వచ్చేది కాదు. సవరభాష విషయంలో ఆ దారికి అవకాశమే లేదు. సూత్రాలు వ్రాసినవారు లేరు, పట్టీలు కట్టినవారు లేరు. మిగిలింది ఒక్కటే, మనిషి నోరు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని రామమూర్తిగారు తమ ఇంట్లోనే పెట్టుకొన్నారు. బి.ఏ. చదివిన పంతులుగారు అక్షరం లేని భాష మాట్లాడే మనిషికి శిష్యులయ్యారు. అది ఒక నెలా రెండు నెలలూ చేసిన పని కాదు, ఏళ్ళ తరబడి సాగిన శుశ్రూష.

సవరభాష తెలుగుకు చుట్టం కాదు, ఒడియాకూ కాదు. అది ముండా కుటుంబంలోది. సంతాలీ, ముండారీ దాని దగ్గరి బంధువులు. దూరపు చుట్టాలు కంబోడియా దేశపు ఖ్మేర్ వంటి భాషలు. తెలుగు చెవికి అలవాటులేని ధ్వనులు అందులో ఉన్నాయి. అచ్చు పలుకుతూ గొంతులో టక్కున ఆపివేసే పలుకు ఒకటి ఉంది. దానిని చూపడానికి మన అక్షరమాలలో అక్షరమే లేదు. మాటల కూర్పు ఇంకా విచిత్రం. మనం మూడు మాటలలో చెప్పేదాన్ని, పులి నిన్ను పడుతుంది అనేదాన్ని, సవర ఒకే క్రియాపదంలో ఇమిడ్చి చెప్పగలడు. పులీ అందులోనే, పట్టడమూ అందులోనే, నీవూ అందులోనే. లెక్క కూడా వేరు. పదమూడంటే వారికి పన్నెండూ ఒకటి. ముప్పైమూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఇంట్లో ఇలా లెక్కపెట్టే పిల్లవాడిని తీసుకువచ్చి, పదులలో ఎక్కం అప్పజెప్పలేదని బెత్తంతో కొడితే తప్పు పిల్లవాడిదా, పంతులుదా? సవరల భాష నేర్చుకొంటేనే గాని ఈ ప్రశ్న పంతులుకు తోచదు. సవరలు మొద్దులని అనుకొనేవారికి వారి బుద్ధిలోని ఇంత సూక్ష్మమైన ఏర్పాటు కనబడే అవకాశమే లేదు.

భాష పట్టుబడిన తరువాత రామమూర్తిగారు సవరభాషలో వాచకాలు వ్రాశారు. వారి పాటలూ కథలూ సేకరించారు. తెలుగు సవర నిఘంటువు కూర్చారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆ బడులలో పంతుళ్ళ జీతాలు కూడా తామే ఇచ్చుకొన్నారు. ఆయన కలవారు కారన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఈ కృషిని మెచ్చి మద్రాసు ప్రభుత్వంవారు పారితోషికం ఇవ్వబోగా, తనకు అక్కర్లేదనీ, ఆ సొమ్ముతో సవరల కోసం బడి పెట్టించమనీ ఆయన కోరారు.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం మరొకటి ఉంది. కొండలలో తిరిగేటప్పుడు మన్యపు జ్వరాలు పట్టేవి. ఆ రోజులలో దానికి మందు క్వినైనా. ఆ మందు తినగా తినగా ఆయనకు శాశ్వతంగా చెవుడు వచ్చింది. చెవితో భాష నేర్చుకోవడమెలాగో తన జీవితంతో చూపిన మనిషి చివరికి చెవులనే పోగొట్టుకొన్నారు. అయినా ఆ పనికి దిగినందుకు ఆయన విచారించలేదు. ఆ పని మానలేదు కూడా.

ఇక తెలుగు మాట. 1906 ప్రాంతంలో జె.ఏ. యేట్సు అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్స్పెక్టరుగా ఉన్నారు. అప్పటికి ఐరోపాలో భాషాబోధన విషయంలో పెద్ద మార్పు వస్తున్నది. జర్మనీలో వీటర్ అనే పండితుడు 1882లో, బడులలో భాష చెప్పే పద్ధతి తలక్రిందులు కావాలని ఒక కరపత్రం ప్రకటించాడు. 1886లో ప్యారిసులో ధ్వనిశాస్త్ర పండితుల సంఘం ఒకటి వెలసి, ఏ భాషలోని ధ్వనినైనా వ్రాసి చూపడానికి వీలైన అక్షరాలు తయారుచేసింది. తర్జుమాతో కాక మాటతోనే మాట నేర్పాలి, వ్రాత కంటే ముందు పలుకు రావాలి, ఈనాడు జనం మాట్లాడే భాషనే ముందు చెప్పాలి అనేవి ఆ కొత్త పద్ధతికి మూలసూత్రాలు. దీనినే డైరెక్టు మెథడ్ అన్నారు. యేట్సు దొరకు ఈ పద్ధతి తెలుసు.

అటువంటి మనిషి మన తెలుగు తరగతులలోకి వెళ్ళి వెనక కూర్చొని చూచారు. పండితులవారు ఒక పద్యం చదువుతారు. ప్రతి మాటకూ ఒక అర్థం చెబుతారు. ఆ అర్థం కూడా ఎవరి ఇంట్లోనూ వినబడని మాటే. పిల్లలు రెండింటినీ కంఠస్థం చేస్తారు. దొరకు ఆశ్చర్యం వేసింది. పిల్లలు తెలుగువారు, పంతులు తెలుగువారు, చెప్పేది తెలుగు. మరి పరభాష చెప్పినట్లు చెబుతున్నారేమి? పోనీ పరభాషనైనా ఇలా చెప్పరాదని తమ దేశంలో అనుకొంటున్నారే! ఈ సందేహాన్ని ఆయన విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారి ముందు పెట్టారు. అయ్యంగారు ఆ ప్రశ్నను విజయనగరంలో గురజాడ అప్పారావుగారికీ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారికీ అప్పగించారు.

ఒకరు ఆంగ్లేయులు, ఒకరు అరవవారు, ఇద్దరు తెలుగువారు. తెలుగును తెలుగులాగా చెప్పాలనే ఉద్యమం ఈ నలుగురితో మొదలయింది. తెలుగు తమ సొంతభాష కానివారికే తెలుగు చదువులోని లోపం మొదట కనబడిందంటే వింత లేదు. ఇంట్లో ఉన్నవారికి ఇంటి గోడ వంకర కనబడదు, బయటినుంచి చూచినవారికి కనబడుతుంది. రామమూర్తిగారు తెలుగువారే అయినా సవరభాష నేర్చుకొన్న తరువాత ఆయన కూడా బయటినుంచి చూడగలిగారు. సవర పిల్లవాడికి తెలుగు బడి ఎలాగో, తెలుగు పిల్లవాడికి గ్రాంథికం చెప్పే తెలుగు బడీ అలాగే ఉందని ఆయనకు స్పష్టపడింది.

1911లో ఆయన ఉద్యోగం విరమించారు. తరువాతి బ్రతుకంతా ఈ పనికే. స్వీట్, యెస్పర్సన్ వంటి పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞుల గ్రంథాలు చదివారు. నన్నయ మొదలు తమ నాటి వరకు తెలుగు కావ్యాలూ, శాసనాలూ, వచనాలూ గాలించారు. 1913లో ఆధునికాంధ్రాన్ని గురించి ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన ప్రకటించారు. ఆ రోజులలోనే స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం గ్రాంథికంలోగాని ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని ఒక అనుమతి వచ్చింది. వెంటనే తుఫాను రేగింది. జయంతి రామయ్య పంతులుగారు నాయకులుగా, వేదం వేంకటరాయశాస్త్రిగారు, వావిలకొలను సుబ్బారావుగారు మొదలైన ఉద్దండులు ఎదురు నిలిచారు. పిఠాపురం మహారాజావారి అండ కూడా వారికి ఉండేది.

వారిని మనం తేలికగా కొట్టివెయ్యరాదు. వారి భయానికి కారణం ఉంది. ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క విధంగా మాట్లాడుతారు, ఎవరి మాట వారు వ్రాసుకొంటే తెలుగు ముక్కలవుతుందని వారి భయం. కావ్యభాష పిల్లల చేతినుంచి జారిపోతే వెయ్యేళ్ళ సాహిత్యం మూతపడుతుందని కూడా భయపడ్డారు. రామమూర్తిగారి సమాధానం ఇది. కావ్యాలు చదవవద్దని తాను అనడం లేదు. కావ్యాలు చదివి ఆనందించడం వేరు, ఆ భాషలో ఈనాటి ఉత్తరం వ్రాయమనడం వేరు. శిష్టులు, అనగా చదువుకొన్న మర్యాదస్థులు, నలుగురిలో మాట్లాడుకొనే భాష అన్ని జిల్లాలలోనూ ఇంచుమించుగా ఒకటే. అదే వ్రాతకు పనికివస్తుంది. పైగా గ్రాంథికమే వ్రాయాలని పట్టుబట్టే పండితులకు సైతం ఆ భాష తప్పులేకుండా రాదు. ఇది ఊరికే అన్న మాట కాదు. ఆ పండితుల పుస్తకాలే తీసుకొని, వారు నమ్మిన వ్యాకరణం ప్రకారమే వారి తప్పులు ఏరి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజమనే పుస్తకంలో చూపించారు.

అయినా ఆనాటికి పండితుల పక్షమే గెలిచింది. పరీక్షలో ఇచ్చిన అనుమతి వెనక్కు పోయింది. 1915 నవంబరులో ప్రాణమిత్రులు గురజాడవారు పోయారు. వయస్సు యాభై దాటింది, చెవులు వినబడవు, ప్రభుత్వం వెనుదిరిగింది. మరొకరైతే ఇంట్లో కూర్చునేవారు. పంతులుగారు పుస్తకాల మూటలు కట్టుకొని ఊరూరా బయలుదేరారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం స్థాపించారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులయ్యారు. జీవితమంతా గ్రాంథికం వ్రాసిన వీరేశలింగంగారు కడపటి రోజులలో ఈ పక్షానికి రావడం సామాన్యమైన విషయం కాదు. కాని ఆ మే నెలలోనే వారు కాలధర్మం చెందారు. అదే సంవత్సరం రామమూర్తిగారు తెలుగు అనే పేరుతో మాసపత్రిక పెట్టారు. అది ఒక్క ఏడాదే నడిచింది. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలసేపు ఉపన్యసించారు. గ్రంథాలలోని ప్రయోగాలు ఒక్కొక్కటే తీసి చూపి, ఎదిరి సభ చేతనే తమ వాదానికి అనుకూలంగా తీర్మానం చేయించారు. ఎదుటివారి ఆక్షేపణలు చెవిని పడని మనిషి అంత పెద్ద సభను ఎలా ఒప్పించారా అని ఆశ్చర్యపడుతాము. ఎత్తిన పుస్తకం ఎదుటివారి చేతిలో పెట్టేవారు. వాదం కంటే సాక్ష్యమే ఆయనకు బలం.

ఇంత పోరాటంలోనూ సవరలను ఆయన మరిచిపోలేదు. సుమారు ముప్పై అయిదేళ్ళ కృషికి ఫలంగా 1931లో సవరభాషా వ్యాకరణం ఇంగ్లీషులో మద్రాసు ప్రభుత్వంవారి అచ్చుకూటంలో వెలువడింది. సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. తెలుగు అక్షరాలకు లొంగని ధ్వనులను ధ్వనిశాస్త్ర పద్ధతి ప్రకారం ప్రత్యేకమైన గుర్తులతో అందులో చూపారు. నోటి నుంచి చెవికి, చెవి నుంచి కాగితానికి వచ్చిన భాష అది. ఈనాటికీ ముండా భాషలను పరిశీలించే పండితులు దేశదేశాలలో ఆ పుస్తకాలను తెరవక తప్పదు. 1934లో ప్రభుత్వం ఆయనకు కైజరె హింద్ పతకం ఇచ్చింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. ఆయన కుమారులు సీతాపతిగారు తండ్రి అడుగుజాడలనే సవరభాషలోనూ తెలుగులోనూ కృషి చేశారు.

ఇప్పుడు మనబోటివారికి గుండె కలుక్కుమనిపించే ఘట్టం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు అధికంగా ఉన్న ఆ ప్రాంతం అటు చేరరాదని రామమూర్తిగారు వాదించారు, పోరాడారు, ఓడిపోయారు. ఆ రోజు ఉదయమే, యాభై అయిదేళ్ళకు పైగా బ్రతికిన ఊరినీ, ఇల్లూ వాకిలినీ విడిచిపెట్టి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై రెండేళ్ళు దాటాయి.

అలా వెళ్ళడం మంచిదా కాదా అని తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. వెళ్ళినవారూ మన పెద్దలే, ఉండిపోయినవారూ మన పెద్దలే. పర్లాకిమిడిలోనూ బరంపురంలోనూ ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఒడియా సోదరులతో కలిసి మెలిసి ఈనాటికీ ఉగాది చేసుకొంటున్నాయి. హోసూరులో, కోలారులో, షోలాపూరులో, మద్రాసులో తరతరాలుగా ఉన్నవారూ అంతే. కాని ఆ ఉదయం పంతులుగారి మనస్సులో ఏముందో మనం కొంత ఊహించుకోగలము. బడిలో తన భాష వినబడకపోతే పిల్లవాడేమవుతాడో ఆయన సవర పల్లెలలో కళ్ళారా చూచారు. ఆ గతి రేపు తెలుగు పిల్లవాడికి వస్తుందేమోనని ఆయనకు తోచి ఉంటే అది తప్పు కాదు. అల్పసంఖ్యాకుల భాష కోసం ఆయన సొమ్మూ ఆరోగ్యమూ ధారపోశారు, చివరికి తానే అల్పసంఖ్యాకుడు కావలసివచ్చింది.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకుల నుద్దేశించి ఆయన తుది విన్నపం చేసుకొన్నారు. పత్రికలు జనం భాషలో నడవాలని కోరారు. వారం రోజులకు, జనవరి 22న, కన్నుమూశారు. పాఠ్యపుస్తకాలలోనూ విశ్వవిద్యాలయాలలోనూ వ్యావహారికానికి పూర్తిగా చోటు దొరకడానికి ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. సవరల విషయంలో ఇంకా ఆలస్యమయింది. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య ప్రారంభించినప్పుడు వాటిలో సవర ఒకటి. ఆ తరువాత ఒడిశాలోనూ ఆ ఏర్పాటు మొదలయింది. పంతులుగారు సొంత డబ్బుతో చేసిన పనిని ప్రభుత్వాలు అందుకోవడానికి ఒక శతాబ్దం కావలసివచ్చింది.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాము. పంతులుగారి జీవితంలో మనకు పనికివచ్చే సంగతులు రెండు మూడున్నాయి.

మొదటిది, ఇరుగుపొరుగు భాషను గౌరవంగా నేర్చుకోవడం. ఎక్కడ అన్నం తింటున్నామో ఆ నేల మాట నోటితో నేర్చుకోవాలి. కూరలమ్మే ఆమె దగ్గరా, బండివాడి దగ్గరా నేర్చుకొన్నా సిగ్గు లేదు. సవర మనిషికి శిష్యులైన పంతులుగారి కంటే మనం గొప్పవారము కాము. మన పిల్లలకు కన్నడమో మరాఠీయో బాగా వస్తే అది తెలుగుకు నష్టమనుకోనక్కరలేదు. రెండో భాష చక్కగా నేర్చినందువల్లనే గదా పంతులుగారికి మొదటి భాష విలువ తెలిసింది.

రెండవది, ఇంటి తెలుగును నిందించకపోవడం. సెలవులకు ఆంధ్రదేశం వెళ్ళినప్పుడు మన పిల్లల మాట విని బంధువులు నవ్వుతారు. యాస తేడా అంటారు, అరవం కలిసిందంటారు, కన్నడం కలిసిందంటారు. పిల్లలు చిన్నబుచ్చుకొని, తిరిగివచ్చాక తెలుగు మాట్లాడడమే మానేస్తారు. ఎన్ని ఇళ్ళలో ఇలా జరగలేదు! పంతులుగారు వ్రాతకు కోరింది శిష్టుల వాడుకనే, ఆ మాట నిజమే. కాని జనం నోట నిలిచిన మాట ఏదీ పుస్తకంలో లేనంతమాత్రాన తప్పు కాదని ఆయన జీవితం చాటుతున్నది. తరతరాలుగా పరాయి నేల మీద నిలబెట్టుకొన్న మన మాటలలో, అక్కడివారు మరిచిపోయిన పాత తెలుగు మాటలు కూడా కొన్ని ఉంటాయి. ముందు పిల్లవాడు మాట్లాడనీయండి. దిద్దడం తరువాత చూచుకోవచ్చు.

మూడవది, నేర్పే తీరు. మన సంఘాల ఆదివారపు తరగతులలో అ, ఆలు దిద్దించి, ఒక పద్యం కంఠస్థం చేయించి, బహుమతి ఇచ్చి పంపుతున్నాము. అదీ మంచిదే. కాని యేట్సు దొర వచ్చి వెనక బల్లమీద కూర్చుంటే ఏమనుకొంటారో ఒకసారి ఆలోచించండి. అక్షరం కంటే ముందు మాట. మాట కంటే ముందు పని. వంటింట్లో అమ్మమ్మ పక్కన నిలబెట్టి ఉగాది పచ్చడి కలిపించండి. వేపపువ్వు రాల్చమనండి, బెల్లం తురమమనండి, మామిడికాయ తరగమనండి, చింతపండు పులుసు పిండమనండి. ఆ అరగంటలో పిల్లవాడికి పట్టుబడే తెలుగు ఏ వాచకంలోనూ లేదు. తరువాత ఆ మాటలనే పలకమీద వ్రాయించండి. అప్పుడు అక్షరానికి రుచి వస్తుంది.

వచ్చే ఏడు పంచాంగశ్రవణంనాడు పిల్లవాడు మళ్ళీ ఏదో మాటకు అర్థం అడుగుతాడు. అడగడం మానకుండా ఉంటే అదే మన అదృష్టం. ఆ మాటకు మరొక మాట చెప్పి వదిలివెయ్యకుండా, చెయ్యి పట్టుకొని ఇంటి లెక్కనే చూపండి. ఈ నెల మనకు వచ్చింది ఇంత, ఖర్చయింది ఇంత, ఊళ్ళో మనకు పెట్టిన దండాలు ఇన్ని అని చెప్పండి. వాడు నవ్వుతాడు. ఆ నవ్వులో తెలుగు మరొక ఏడాది బ్రతుకుతుంది. గిడుగువారికి మనమిచ్చుకోగల ఉగాది కానుక అదే.